మేనల్లుని సిస్టమ్

పుస్తకాలలో దానిని గణకయంత్రమని వ్రాస్తాము. సంగణకమని వ్రాసేవారూ ఉన్నారు. ఇంటిలో మాత్రం ఎవరి నోటా ఆ మాటలు రావు. తెలుగు మాట్లాడే ఇంటనైనా, ఉర్దూ మాట్లాడే మా ఇంటనైనా దాని పేరు 'సిస్టమ్'. సిస్టమ్ ఆన్ చెయ్యి, సిస్టమ్ హ్యాంగ్ అయింది, సిస్టమ్ పోయింది. ఈ వాడుకను మొదలుపెట్టినవారెవరో గాని మంచి మాటనే ఎన్నుకున్నారు. అది ఒక వస్తువు కాదు, కొన్ని వస్తువుల కూటమి. అందులో ఏ ఒక్కటి మొరాయించినా చెడ్డపేరు మొత్తానికి వస్తుంది. ఒక్కొక్కసారి దానిని కొన్నవానికి కూడా వస్తుంది. మా మేనల్లునికి అట్లాగే వచ్చింది.

అతడు మా ఆపా కుమారుడు. తండ్రి జెద్దాలో ఉద్యోగం చేస్తున్నందువల్ల తల్లీ కొడుకులు తూంకుంటలో మా ఇంటిలోనే ఉంటున్నారు. పిల్లవాడు మన కళాశాలలోనే బి.ఎస్‌సి. చదువుతున్నాడు. మూడేండ్ల ఈదీ సొమ్ము, సెలవులలో మొబైల్ ఫోన్లు బాగుచేసి సంపాదించినది కలిపి దాచుకున్నాడు. హకీంపేట, బొల్లారం, అల్వాల్ మీదుగా బస్సులో సికింద్రాబాద్ వెళ్ళి, పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక్కొక్క భాగమే కొని తెచ్చాడు. రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఎనిమిదేసి జీబీల ర్యామ్ కడ్డీలు రెండు, ఒకరు వాడి అమ్మిన జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు, ఒక ఎస్.ఎస్.డి., అంతకుముందే ఎవరి వద్దనో తీసుకున్న కేబినెట్, దానితోపాటే వచ్చిన ఎస్.ఎం.పి.ఎస్. అన్నిటినీ మా ముందు గదిలో చాప పరచుకుని తానే బిగించాడు. మొదటిసారి తెర వెలిగినప్పుడు ఇల్లంతా వచ్చి చూచింది.

ఆటలాడుకోవడానికే కట్టుకున్నాడన్న సంగతి దాచనక్కరలేదు. జి.టి.ఏ. 5 అనే ఆట కొరకు వాడు పడ్డ పాట్లు పరీక్షల కొరకు పడి ఉంటే బాగుండునని ఆపా రోజూ అంటుండేది. ఐనా ఆ సిస్టమ్ మీదనే ప్రోగ్రాములు వ్రాయడం నేర్చుకున్నాడు, బంధువుల పెండ్లి వీడియోలు కూర్చి ఇచ్చాడు. ఆరు నెలలు సుఖంగా సాగింది. తరువాత అది మందగించింది, తనంత తానే ఆగిపోసాగింది. వీడియో సగం పని అయిన తరువాత ఆగిపోతే ఆ కుర్రవాని ముఖం చూడలేకపోయేవారము.

ఇంటిలో తీర్పులు వెంటనే వెలువడ్డాయి. అమ్మీ దిష్టి తగిలిందన్నది. ఆపా, ఆటలే దానిని చెడగొట్టాయన్నది. ఒక దుకాణంలో గ్రాఫిక్స్ కార్డు మార్చాలన్నారు. మరొక దుకాణంలో ర్యామ్ మార్చాలన్నారు. మూడవచోట మదర్‌బోర్డు పోయిందన్నారు. మూడూ మారిస్తే మరొక సిస్టమ్ వెల అవుతుంది. వారిని తప్పుపట్టనవసరం లేదు. నిలబడి పది నిమిషాలు చూచి చెప్పమంటే ఎవరైనా అంతే చెబుతారు. బావగారు ఫోనులో ఒక్కటే మాట అన్నారు: "అసెంబుల్డ్ కొంటే ఇంతే. సెలవుకు వచ్చినప్పుడు దానిని అమ్మించేస్తాను."

ఆ 'అసెంబుల్డ్' అన్న మాటలోని చులకన మాకు నచ్చలేదు. భాగాలు కూర్చి యంత్రం కట్టడం మన నగరానికి క్రొత్త కాదు. 1967లో హైదరాబాద్‌లో నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్. సంస్థ, ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12 అనే కంప్యూటర్‌ను 1969లో తయారుచేసింది. మన దేశంలో తయారై బయటకు వచ్చిన తొలి కంప్యూటర్లలో అది ఒకటి. ఆ సంస్థను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావుగారు తెలుగువారు. ఆయన పేరుననే ఏ.ఎస్. రావు నగర్ వెలసింది. ఒక తరంవారికి ఆ సంస్థ ఇ.సి. టెలివిజన్ల ద్వారానే తెలుసు. ఇంటిలో చాప మీద కూర్చుని ప్రాసెసర్‌ను వంకర పోనీయకుండా బిగించిన పిల్లవానిని ఆ సంప్రదాయంలో ఎక్కడో చివరి వరుసలోనైనా కూర్చోబెట్టవచ్చునని మా అభిప్రాయం.

మేము తెలుగు బోధించేవారము. విద్యుత్తు గూర్చి మాకు తెలిసినది ఫ్యూజు వేయడం వరకే. ఐతే సంధి విడదీయడం మా వృత్తి. 'విద్యాలయము' అన్న పదం చూడగానే సవర్ణదీర్ఘమని కేక వేసే విద్యార్థిని ఆపి, ముందు రెండు పదాలను విడివిడిగా వ్రాయమంటాము. అతుకు కనబడనంత బాగా కలిసినదానినే విడదీసి చూడాలి. మేనల్లుడు, "స్లో అయి ఆగిపోతోంది మామూ" అన్నాడు. ఇందులో రెండు క్రియలున్నాయి. నెమ్మదించడం వల్లనే ఆగుతున్నదని వాడు అనుకుంటున్నాడు. నెమ్మదించడం ఒక రోగము, ఆగడం మరొక రోగము ఎందుకు కాకూడదు?

అందుకని ఒక పొడుగాటి నోటుపుస్తకం తెరిచి గీతలు కొట్టి ఇచ్చాము. తేదీ, వేళ, అప్పుడు నడుస్తున్న పని, కనిపించిన లక్షణం. ఊహలు వ్రాయరాదు, చూచినదే వ్రాయాలి. మరొక నియమం కూడా పెట్టాము: ఒకసారి ఒక్కటే మార్చాలి. మార్చిన తరువాత ఫలితం వ్రాయకుండా రెండవదానిపై చేయి వేయరాదు.

ఈ రెండవ నియమం మాది కాదు. వెయ్యేండ్ల క్రితం బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఇబ్న్ అల్ హైసమ్ తన కితాబుల్ మనాజిర్‌లో ఒక ప్రయోగం వివరించాడు. ఒక చీకటి గది, దానికి చిన్న రంధ్రం, బయట వేర్వేరు చోట్ల కొన్ని దీపాలు. లోపల గోడ మీద ఎన్ని దీపాలో అన్ని వెలుగు మచ్చలు పడతాయి. ఒక దీపాన్ని కప్పితే ఒక్క మచ్చ మాత్రమే మాయమవుతుంది. తెర తీస్తే మళ్ళీ అక్కడే వెలుగుతుంది. దీపాల వెలుగులు ఒకే రంధ్రం గుండా వచ్చినా కలగాపులగం కావని అట్లా రుజువు చేశాడు. కళాశాల వార్షికోత్సవాలలో మన పూర్వులైన శాస్త్రవేత్తల పేర్లు ఘనంగా చెప్పుకుంటాము గాని, వారు చేసిన పని ఎట్లా చేశారో చెప్పుకోవడం తక్కువ. దీపాలన్నిటినీ ఒకేసారి కప్పి ఉంటే ఆయనకు చీకటి తప్ప ఏమీ తెలిసేది కాదు.

రెండు వారాలకు పుస్తకంలో మూడు వేర్వేరు లక్షణాలు తేలాయి. ఒకటి, ఆట మొదలైన పావుగంటకు అంతా జిగురులో చిక్కినట్లు నెమ్మదించడం. రెండు, నీలి తెర వచ్చి, 'మెమరీ మేనేజ్‌మెంట్' అన్న మాట చూపి మళ్ళీ మొదలుకావడం. మూడు, ఏ హెచ్చరికా లేకుండా, మీట నొక్కినట్లు ఠక్కున ఆరిపోవడం.

మొదటిది తేలికగానే తేలింది. ఆపా ఆ కేబినెట్‌ను వచ్చేపోయేవారికి కనబడకుండా అల్మారా క్రింది అరలో పెట్టించి, ముందు పరదా వేయించింది. విడిచిన వేడి గాలినే అది మళ్ళీ పీలుస్తున్నది. పైగా రాజీవ్ రహదారి మీది లారీల దుమ్ము, చుట్టూ కడుతున్న ఇండ్ల సిమెంటు దుమ్ము. మూత తీసి చూస్తే ప్రాసెసర్ మీది రేకుల సందులలో కంబళి నేసినట్లుగా ఉన్నది. ఆ ప్రాసెసర్‌కు వేడి పరిమితి 90 డిగ్రీలు. అక్కడికి చేరగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అది లోపం కాదు, ఆత్మరక్షణ. కుంచెతో దుమ్ము దులిపాము. పంకా రెక్కను వేలితో పట్టుకుని మరీ గాలి కొట్టాము, లేకుంటే అది అతివేగంగా తిరిగి చెడుతుంది. ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి బఠాణీ గింజంత క్రొత్తది పెట్టాము. ఇవన్నీ ఒకేరోజు చేయలేదు, మొదట పరదా తీశాము, వ్రాశాము, తరువాత దుమ్ము, వ్రాశాము, తరువాత పేస్టు. 90 వద్ద నిలిచిన అంకె చివరకు 71కి దిగింది. అన్నిటికంటె ఎక్కువ లాభం పరదా తీయడం వల్లనే కలిగిందని పుస్తకం చెప్పింది. ఆపాకు ఆ పేజీ చూపించే బాధ్యతను మేనల్లుడు మాకే వదిలాడు.

రెండవది ఓపికను పరీక్షించింది. మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రాము ఒకటి ఉన్నది. 1994 నుండి వాడుకలో ఉన్నది. పెన్‌డ్రైవ్ నుండి నేరుగా మొదలై, ర్యామ్‌లోని ప్రతి గడిలో సున్నాలు, ఒకట్లు రకరకాలుగా వ్రాసి మళ్ళీ చదివి సరిచూస్తుంది. వ్రాసినది ఒకటి, చదివినది మరొకటి ఐతే ఎర్ర గీత చూపుతుంది. ఇషా తరువాత మొదలుపెట్టి పడుకున్నాము. ఫజర్‌కు లేచి చూస్తే తెర ఎర్రబడి ఉన్నది. "ర్యామ్ పోయింది మామూ, దుకాణం అతను చెప్పింది నిజమే" అని మేనల్లుడు చతికిలపడ్డాడు.

ర్యామ్ ఏది? కడ్డీలు రెండు, అవి కూర్చున్న గాడులు రెండు. ఒక్కొక్క కడ్డీని ఒక్కొక్క గాడిలో ఒంటరిగా పెట్టి నాలుగు రాత్రులు నాలుగు పరీక్షలు చేశాము. మొదటి కడ్డీ మొదటి గాడిలో: దోషం లేదు. రెండవ కడ్డీ మొదటి గాడిలో: దోషం లేదు. మొదటి కడ్డీ రెండవ గాడిలో: ఎరుపు. రెండవ కడ్డీ రెండవ గాడిలో: ఎరుపు. దోషం కడ్డీ వెంట నడవలేదు, గాడిలోనే ఉండిపోయింది. మొబైల్ దీపం వేసి చూస్తే ఆ గాడి అడుగున సిమెంటు పొడి పేరుకుని ఉన్నది. గాలి కొట్టి, ఐసోప్రోపైల్ ఆల్కహాలు తడిపిన మెత్తని కుంచెతో తుడిచి, ఆరనిచ్చి మళ్ళీ రాత్రంతా పరీక్షించాము. ఒక్క ఎర్రగీత లేదు. రెండు కడ్డీలనూ పారవేసి క్రొత్తవి కొని ఉంటే అవి కూడా అదే గాడిలో కూర్చునేవి.

ఇటువంటి ఉదంతం పెద్ద ఎత్తున కూడా జరిగింది. 1970ల చివర మెమరీ చిప్పులలో అంతుబట్టని తప్పులు వచ్చేవి. ఒకసారి వచ్చిన గడిలో మళ్ళీ వచ్చేవి కావు. ఇంటెల్ సంస్థలోని తిమోతి మే, ముర్రే వుడ్స్ అనే ఇద్దరు 1978లో కారణం బయటపెట్టారు. తప్పు సిలికాన్‌లో లేదు; చిప్పును పొదిగిన పింగాణి తొడుగులో లేశమాత్రంగా ఉన్న యురేనియం, థోరియం నుండి వెలువడే ఆల్ఫా కణాలు మెమరీ గడులలోని విద్యుదావేశాన్ని తారుమారు చేస్తున్నాయి. కూర చెడిందని అందరూ రుచి చూస్తుండగా చెడినది కుండ అని తేలినట్లు. తరగతిలో వెనుక బెంచీ పిల్లవానిని మందమతి అని మార్కుల పుస్తకంలో వ్రాసే ముందు, అతనిని ముందు బెంచీకి మార్చి చూచినవారము మనలో ఎందరమో తెలియదు.

ఇక మూడవది. నీలి తెర పోయింది, నెమ్మది పోయింది, ఠక్కున ఆరిపోవడం మాత్రం పోలేదు. విండోస్ తన దినచర్య పుస్తకంలో ప్రతిసారీ 'కెర్నెల్ పవర్ 41' అని వ్రాసుకున్నది. దానిని చూచి కుర్రవాళ్ళు రోగం పేరు దొరికిందని సంబరపడతారు. ఆ మాటకు అర్థం ఒక్కటే: సక్రమంగా మూయకుండానే సిస్టమ్ ఆగిపోయింది. మరణ ధ్రువపత్రంలో కారణమనే చోట 'చనిపోయినాడు' అని వ్రాసినట్లు.

మా నోటుపుస్తకం అంతకంటె ఎక్కువ చెప్పింది. ఆరిపోయిన వేళలు వరుసగా చూస్తే ఉదయం ఆరున్నర, ఏడు. సాయంత్రం మగ్రిబ్‌కు అటూ ఇటూ. ఆట ఆడుతున్నా, ఊరకే ఉన్నా ఒకటే. ఆ వేళలలోనే ట్యూబులైటు ఒక్కసారి కన్ను గీటేది. మా వీధిలో దాదాపు ప్రతి ఇంటికీ బోరు ఉన్నది. ప్రక్క ఇంటిలోని ఒకటిన్నర హార్స్‌పవర్ మోటారు పైకప్పు మీది ట్యాంకు నింపే వేళలు సరిగ్గా అవే. మోటారు కదలడం మొదలుపెట్టే క్షణంలో, నడుస్తున్నప్పుడు తీసుకునే కరెంటుకు ఎన్నో రెట్లు లాగుతుంది. మా వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు చివరన ఉన్నది. మల్టీమీటరు పెట్టి కూర్చుంటే 220 దగ్గర నిలిచిన అంకె మోటారు వేయగానే 170లలోకి జారి మళ్ళీ లేచేది. మేనల్లుడు ఎస్.ఎం.పి.ఎస్. మీది చీటీ చదివాడు: 200 నుండి 240 వోల్టులు. పాత రకం. 100 నుండి 240 వరకు తట్టుకొనే రకం ఐతే ఈ జారుడును లెక్కచేసేది కాదు.

మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. అంటే ఒక ఆవృత్తికి 20 మిల్లీ సెకన్లు. లోపలికి వచ్చేది నిలిచిపోతే పూర్తి భారం మీద మంచి ఎస్.ఎం.పి.ఎస్. నెట్టుకురాగలిగేది సుమారు 16 మిల్లీ సెకన్లు. ఒక్క ఆవృత్తి కూడా కాదు. ప్రక్క ఇంటి మోటారు మాత్రం లేవడానికి రెండు మూడు సెకన్లు మూలిగేది.

ఆ మూలుగే దారి చూపింది. ప్రక్క ఇంటి పెద్దాయన వ్యవసాయం చేసి మోటార్లతోనే ముసలివారైనవారు. సంగతి చెప్పగా నవ్వి, "అదా సార్, మోటారు లేస్తలేదని నేను కూడ అనుకుంటున్న. కండెన్సర్ వీకై ఉంటది" అన్నారు. మరునాడు స్టార్టరు పెట్టెలోని కండెన్సర్ మార్పించారు. మూలుగు తగ్గింది. మా పుస్తకంలో రోజూ ఒకటి రెండు ఉండే ఆరిపోవడాలు వారానికి రెండుకు దిగాయి. మా ఇంటి కంప్యూటర్‌కు మందు ప్రక్క ఇంటి బోరు పెట్టెలో ఉన్నదని ఏ దుకాణంవారు మాత్రం ఎట్లా చెప్పగలరు?

మరొక సంగతి ఈ వెదుకులాటలోనే బయటపడింది. వట్టి కాళ్ళతో నిలబడి కేబినెట్‌ను తాకితే చేతికి చిమచిమలాడేది. ఎస్.ఎం.పి.ఎస్. ద్వారం వద్ద రెండు చిన్న కండెన్సర్లు విద్యుత్ తీగలను లోహపు పెట్టెతో కలుపుతాయి. ఎర్తింగు సరిగా ఉంటే ఆ స్వల్ప కరెంటు నేలకు పోతుంది, లేకుంటే తాకినవాని గుండా పోతుంది. ఎర్తింగు గుంత వేసవికి ఎండి బీటలు వారి ఉన్నది. బొగ్గు, ఉప్పు వేయించి నీరు పోయించాము. విద్యార్థులకు ఒక్క హెచ్చరిక: తక్కినవి విప్పండి గాని ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను మాత్రం విప్పవద్దు. ప్లగ్ పీకిన తరువాత కూడా దానిలోపల 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

బావగారు సెలవుకు వచ్చారు. అమ్మించే మాట ఎత్తబోయే ముందు మేనల్లుడు నోటుపుస్తకం చేతికిచ్చాడు. ఆయన అక్కడ ఎయిర్ కండిషన్ యంత్రాల మరమ్మత్తు పనిలో ఉన్నవారు. వేడి, వోల్టేజి, కండెన్సర్ అన్న మాటలు ఆయనకు కొడుకు నోట వినడం అదే మొదలు. అసర్ నుండి మగ్రిబ్ దాకా కూర్చుని ప్రతి పేజీ చదివారు. అక్కడక్కడా వ్రేలు పెట్టి, "ఇక్కడ వోల్టేజి ఎంత?" అని అడిగారు. వ్రాసి ఉన్నది. మరునాడు తండ్రీ కొడుకులు కలిసి సికింద్రాబాద్ వెళ్ళి 1000 వి.ఏ. యు.పి.ఎస్. ఒకటి తెచ్చారు. ఆ తరువాతి పేజీలలో మూడవ లక్షణం కనబడదు.

ఇదంతా మన సంచికలో వ్రాయడానికి కారణం కళాశాల ప్రయోగశాల వెనుక గది. అక్కడ తొమ్మిది సిస్టమ్‌లు 'పనికిరానివి' అన్న చీటీలతో పేర్చి ఉన్నాయి. ప్రిన్సిపాల్‌గారి అనుమతితో నలుగురు విద్యార్థులు, వారిలో ఇద్దరు అమ్మాయిలు, శుక్రవారం నమాజు తరువాత ఆ గదిలో ఒక్కొక్కదానినే విప్పి చూస్తున్నారు. మా మేనల్లుని పుస్తకం వంటిదే మరొకటి అక్కడ తెరిచారు. ఇంతవరకు ఆరింటిని చూచారు. ఒకదానికి మదర్‌బోర్డు మీది నాణెమంత బ్యాటరీ అయిపోయి ఉన్నది, అంతే. మరొకదానికి డిస్కు తీగ వదులై ఉన్నది. ఒకదాని మదర్‌బోర్డు నిజంగానే పోయింది. దాని చీటీ అట్లాగే ఉంచారు. మిగిలిన మూడింటికీ ఎస్.ఎం.పి.ఎస్.లు కాలిపోయి ఉన్నాయి.

ఆ మూడూ ప్రయోగశాలలో ఎక్కడ ఉండేవని ఒక అమ్మాయి అడిగింది. స్టాకు రిజిస్టరు తెచ్చి చూచారు. మూడూ కిటికీ ప్రక్క గోడకున్న ఒకే వరుస ప్లగ్గులవి.

క్రొత్త సిస్టమ్‌ల కొనుగోలు విషయం కమిటీ పెద్దల ముందు ఉన్నదని విన్నాము. కొనవద్దని మా మనవి కాదు. పిల్లల సంఖ్యకు ఉన్నవి చాలవు. కొనడానికి ముందు ఆ గోడ వరుస తీగలను, ఎర్తింగును ఒక లైసెన్సు గల ఎలక్ట్రీషియన్‌చేత పరీక్షింపజేయమనే మా మనవి. దానితోపాటు ఆ నలుగురికి ఒక మల్టీమీటరు ఇప్పించగలరు. ఇప్పుడు వాడుతున్నది మా మేనల్లునిది, ఇంటిలో కూడా కావలసివస్తున్నది.

వారు ఏడవదాని దగ్గర ఉన్నారు. మీట నొక్కితే మూడు పొట్టి బీప్‌లు మ్రోగి ఊరుకుంటున్నది. దానికి ర్యామ్ కడ్డీ ఒకటి, గాడులు నాలుగు.